చంద్రరావుగారి లావు అక్షరాలు

రామచంద్రపురంలో కొబ్బరికాయల కొట్టు నడుపుకునే చంద్రరావుగారికి గొంతు ఇచ్చేటప్పుడు దేవుడు ధారాళంగా ఇచ్చాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి పిసినారితనం చేశాడు. ఆయన కొట్లో కూర్చుని కాయలు వలిచే మనిషిని కేకేస్తే, రెండు వీధుల అవతల ఇంకెవరో "ఆయ్, వస్తన్నానండి" అనేవారు. కళ్లజోడు తీస్తే మాత్రం ఎదురుగా ఉన్నది మనిషో కాయల బస్తానో ఆయనకి తెలిసేది కాదు. ఎందుకైనా మంచిదని రెండింటినీ "రండి, రండి, కూర్చోండి" అని ఒకే మర్యాదతో పలకరించేవారు. మర్యాదకి లోటు చేస్తే ఇంక గోదావరి జిల్లాలో పుట్టి ఏం లాభం?

ఆ గొంతూ ఆ కళ్లూ కలిసి ఆయన్ని వయసంతా ఆడించాయి. కుర్రతనంలో పద్యనాటకాల పిచ్చి పట్టుకుంది. పద్యాలన్నీ నోటికి వచ్చు, శ్రుతి తప్పదు, ఊపిరి ఆగదు. వేషం అడిగితే మాత్రం నాటకం కంపెనీవాళ్లు మొహం చూసి నవ్వేవారు. "కిరీటం కింద కళ్లజోడేంటయ్యా చంద్రరావూ?" అనేవారు. నిజమే మరి. రాజుకి లేదు, రాక్షసుడికి లేదు, రుషికి అసలే లేదు. ఈయన పోరు పడలేక ఒకసారి కళ్లజోడు తీయించి ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. మహారాజు వస్తుంటే పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టడం తప్ప వేరే పని లేని వేషం అది. చంద్రరావుగారు పక్కకి తప్పుకున్నారు. మహాభక్తితో హార్మోనియం వాయించే ఆయనకి దణ్ణం పెట్టారు. ఇంకొంచెం పక్కకి తప్పుకుని స్టేజీ మీంచి కింద పడ్డారు. ఆ నాటకం మొత్తంలో జనం చప్పట్లు కొట్టింది అక్కడొక్కచోటే.

ఆ తర్వాత ఆయన్ని తెర పక్కన నిలబెట్టి చేతికి పుస్తకం ఇచ్చారు. అలా ప్రాంప్టరయ్యారు. వేషగాడు మాట మరిచిపోయి నీళ్లు నమిలినప్పుడు పక్కనుంచి మెల్లగా మాట అందించడం ఆయన పని. పాతికేళ్లపాటు అందించారు. ప్రాంప్టరన్నవాడు జనానికి కనపడకూడదు, వినపడకూడదు, అసలు ఉన్నట్టే తెలియకూడదు. నాటకం అయ్యాక వేషగాళ్ల మెడలో దండలు పడుతుంటే ఈయన పుస్తకం మూసేసి, ఆకలేస్తోందని ఇంటికి పోయేవారు. ఒక్కసారైనా జనం తన మొహం చూడాలని, చూసి ఫలానా చంద్రరావు అని గుర్తుపట్టాలని ఆయనకి మహా కోరికగా ఉండేది. ఆ సంగతి భార్య వీరవేణికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. "రోజూ నేను చూస్తన్నాను కదండీ, చాలదా?" అనేది ఆవిడ. చాలేది కాదు.

నాటకాలకి జనం రావడం మానేశారు. కంపెనీ మూతపడింది. చంద్రరావుగారికి యాభై దాటాయి, తల మీద జుట్టు చెవుల దాకా వెనక్కి తగ్గింది. ఆ కోరిక కూడా అలాగే వెనక్కి తగ్గి ఊరుకునేదేమో గాని, రెండువేల ఒకటిలో కేబుల్ టీవీ అచ్చిబాబుకి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్లో ఇంటింటికీ వైరు లాగి సినిమాలు చూపించే అచ్చిబాబు, తన షాపు మేడ మీద గదిలో కెమెరా పెట్టి, రోజూ సాయంత్రం ఊరి వార్తలు చెప్పించాలనుకున్నాడు. రామచంద్రపురమూ, చుట్టుపక్కల పల్లెలూ మొత్తం చూస్తాయి. చదవడానికి మంచి గొంతు కావాలి. ఎవర్ని అడిగినా చంద్రరావుగారి పేరే చెప్పారు.

"మొహం కూడా కనపడుతుందా?" అని అడిగారు చంద్రరావుగారు, కొబ్బరికాయ పీచు తీస్తూ తీస్తూ ఆగిపోయి.

"కనపడకపోతే టీవీ ఎందుకండీ బాబాయ్‌గారూ, రేడియో పెట్టుకుంటాం కదా," అన్నాడు అచ్చిబాబు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అద్దం ముందు కూర్చున్నారు. కళ్లజోడుతో చూసుకుంటే కొబ్బరికాయల చంద్రరావే కనపడ్డాడు. తీసి చూసుకుంటే అద్దంలో ఎవరో అందగాడు, కాస్త మసకగా, నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. అంతే, కళ్లజోడు పెట్టుకుని టీవీలో కనపడకూడదని ఆ క్షణాన నిర్ణయించేసుకున్నారు. కిరీటం దక్కకుండా చేసిన కళ్లజోడుకి ఈసారి అవకాశం ఇచ్చేది లేదు. చూపు ఆనదని తెలిస్తే అచ్చిబాబు ఇంకొకర్ని పెట్టుకుంటాడేమోనని దానికో అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నారు. "ఈ కళ్లజోడు చూపుకి కాదయ్యా, కొట్లో పీచు దుమ్ము కళ్లలో పడకుండా పెట్టుకుంటాను," అన్నారు. అచ్చిబాబు నమ్మాడు. వైర్ల సంగతి తప్ప ఏది చెప్పినా నమ్మే మనిషి.

మొదటిరోజు వార్తలు ఊరంతా చూసింది. చూసిందేమిటంటే చంద్రరావుగారి నడినెత్తి. కళ్లజోడు లేకుండా అక్షరం కనపడాలంటే కాగితం ముక్కుకి ఆనించుకోవాలి, ఆనించుకోవాలంటే తల వంచాలి. బల్బు వెలుతురు నెత్తి మీద పడి నిగనిగలాడుతుంటే, లోపలెక్కడినుంచో గంభీరమైన గొంతు "నమస్కారం, ఈనాటి వార్తలు" అంది. అయిపోగానే ఫోన్లు మొదలయ్యాయి. వార్తలు బాగున్నాయండి, కాని చదివినాయన ఎవరో కనపడలేదండి అన్నారు అందరూ.

అచ్చిబాబు మొహమాటపడుతూనే చెప్పాడు. "బాబాయ్‌గారూ, మీరు తల ఎత్తి చదవాలి. ఈ వారంలో అలవాటు చేసుకోండి. లేదంటే మా బావమరిది చదువుతానని మీద పడుతున్నాడు, ఇంట్లో మా ఆవిడ ఒకటే గొడవ."

చంద్రరావుగారికి అది పాతికేళ్లకి దొరికిన కుర్చీ. అచ్చిబాబు బావమరిది గొంతు ఎలా ఉంటుందో ఊరందరికీ తెలుసు, ఎండిన తాటాకు లాగినట్టుంటుంది.

దారి చూపించింది నాగశ్రీ. ఆ అమ్మాయి అచ్చిబాబు ఆఫీసులో కేబుల్ బిల్లులు, వార్తలు అన్నీ కంప్యూటర్లో కొట్టేది. కాకినాడలో కోర్సు చేసి వచ్చింది. పని తెలిసినదే గాని నోరు కాస్త కారం. "కంప్యూటరు తెర తీసుకొచ్చి కెమెరా కింద పెడదామండి. అక్షరాలు లావుగా పెడితే బాబాయ్‌గారు కెమెరావైపు చూస్తున్నట్టే ఉంటుంది, చదువుకుంటూనే ఉంటారు. పెద్ద చానళ్లలో అంతేనండి," అంది. చంద్రరావుగారు ఆ పిల్లవైపు, అంటే ఆ పిల్ల ఉంటుందనుకున్నవైపు తిరిగి, మనసులో దణ్ణం పెట్టుకున్నారు.

అక్కడినుంచి మొదలైంది అసలు కథ. ముందు ఉత్తరాలు కొట్టే పెద్ద సాఫ్ట్‌వేరులో వార్తలు పెట్టి చూశారు. దానికి తెలుగు రాదు. నాగశ్రీ కొట్టిన ప్రతి మాట కిందా ఎర్రటి వంకర గీత గీసి తప్పు అంది. రామచంద్రపురం తప్పు, ద్రాక్షారామం తప్పు, వరినాట్లు తప్పు. అచ్చిబాబు బావమరిది పేరు కింద కూడా గీత పడింది. ఆ ఒక్కటీ సరిగ్గా పట్టిందని నాగశ్రీ అంది. కళ్లజోడు లేని చంద్రరావుగారికి అక్షరాలు కనపడలేదు గాని ఆ గీతలు మాత్రం కనపడ్డాయి. "అమ్మాయ్, తెర నిండా ఎర్రలు పాకుతున్నాయేంటి?" అన్నారు. ఆమె అవి తీసేసే లోపలే ఓ మూలనుంచి కళ్లున్న ఇనప క్లిప్పు బొమ్మ ఒకటి లేచి, ఏమైనా సాయం కావాలా అన్నట్టు మెడ తిప్పింది. "బల్లి! తోలండి, తోలండి!" అని చంద్రరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు. అది కుడివైపు కనపడిందా ఎడమవైపు కనపడిందా అని తర్వాత ఆమెని రహస్యంగా అడిగి, మంచిశకునమే అని తేల్చుకున్నారు.

నాగశ్రీ ఆ సాఫ్ట్‌వేరు మూసేసి నోట్‌ప్యాడ్ తెరిచింది. అందులో గీతల్లేవు, బొమ్మల్లేవు, ఉత్త తెల్ల కాగితం. కింద గడియారం ఉన్న బూడిదరంగు పట్టీని దాచేసింది. వాక్యం కుడిపక్కకి కొట్టుకుపోకుండా అంచుకి రాగానే కింద వరసకి దిగేలా చేసింది. ఇంక తెర మీద వార్త తప్ప ఇంకేమీ లేదు. "ఎలా ఉందండి బాబాయ్‌గారూ?" అంది.

"దివ్యంగా ఉందమ్మా. కాకపోతే అక్షరం ఇంకొంచెం లావుగా ఉంటే, చూసేవాళ్లకి బాగుంటుంది."

"చూసేవాళ్లకి టీవీలో మీరు కనపడతారండి, అక్షరాలు కనపడవు."

"అయినా సరే, లావుగానే ఉండనీ. నిండుగా ఉంటుంది."

ఆమె పెంచింది. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం పెంచింది. కంప్యూటరు చూపించే సైజుల్లో అన్నిటికన్నా పెద్దది అయిపోయాక, అందులో లేని అంకె చేత్తో కొట్టి మరీ పెంచింది. ఆఖరికి తెర మీద మూడంటే మూడు మాటలు పట్టే దగ్గర చంద్రరావుగారు తృప్తిగా ఊపిరి పీల్చి, "ఇప్పుడు ముచ్చటగా ఉంది," అన్నారు. నాగశ్రీ ఆయన మొహంలోకి ఓ నిమిషం చూసింది. ఆమెకి విషయం అర్థమైంది. పెద్దాయన అంత ఇష్టపడి దాచుకుంటున్నది తను ఎందుకు బయటపెట్టాలని ఊరుకుంది.

రంగుల దగ్గర ఊరంతా తలో చెయ్యీ వేసింది. తెల్ల తెర వెలుతురు మొహాన కొట్టి, పౌడరు డబ్బాలో పడిలేచినట్టున్నారని ఫోన్లు వచ్చాయి. పసుపు శుభప్రదమని చంద్రరావుగారే చెప్పి పసుపురంగు పెట్టించుకున్నారు. ఆ సాయంత్రం వార్తలవ్వగానే, ఇద్దరు మనుషులు మేడెక్కి వచ్చి, ఫలానా ఊళ్లో కామెర్లకి పసరు మందు పోస్తారని, పరగడుపున వెళ్లాలని, చల్ల తప్ప ఏమీ తినకూడదని జాగ్రత్తలు చెప్పి వెళ్లారు. ఆకుపచ్చ పెడితే కడియం నర్సరీలో కూర్చుని చదువుతున్నట్టుందన్నారు. చివరికి నల్ల తెర మీద పసుపు అక్షరాలు కుదిరాయి. మొహం మీద వెలుతురు పడలేదు, కళ్లకి హాయిగా ఉంది. నోట్‌ప్యాడ్ ఒక్కదానికీ రంగు మార్చడం కుదరదు, కంప్యూటరు మొత్తానికి మార్చాలి. మర్నాడు అచ్చిబాబు బిల్లులు చూసుకుందామని తెరిచి, అన్నీ నల్లగా మాడిపోయి ఉండటం చూసి, పిడుగు పడిందనుకుని మెయిను కట్టేశాడు.

ఇంక మిగిలింది మాట చివర కొట్టుకునే నిలువు గీత, కర్సరంటారే, అది. అక్షరం లావుకి అది కూడా నిట్రాడంత అయ్యి, నల్ల తెర మీద వెలుగుతూ ఆరుతూ ఉండేది. దాన్ని చూస్తూ చదువుతుంటే తెలియకుండానే దాంతోపాటు ఆయన ఒక కన్ను కూడా కొట్టుకునేది. ఇంటికి వచ్చేసరికి వీరవేణి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏవండీ, ఏంటది?"

"ఏది?"

"పంచాయితీ బోరింగు పాడైందని చెబుతా ఆ కన్ను కొట్టడం ఏంటండీ? ఊళ్లో ఆడవాళ్లందరూ చూస్తారు. ఎదురింటి కోడలు తలుపేసుకుంది."

మర్నాడు నాగశ్రీ ఆ గీతని మొదటి వరసలోనే వదిలేసి, పక్కనున్న పట్టీ మీద మౌసు నొక్కుతూ వార్త జరిపే పద్ధతి కనిపెట్టింది. గీత పైనే ఉండిపోయేది, కన్ను కుదుటపడింది.

ఇన్ని తంటాల తర్వాత చంద్రరావుగారు తల ఎత్తారు. ఎత్తి, కెమెరావైపు నిండుగా చూస్తూ, మూడు మాటలు చదివి ఆగేవారు. నాగశ్రీ మౌసు నొక్కేది. ఇంకో మూడు మాటలు చదివి ఆగేవారు. ఆ ఆగడం మౌసు కోసమని జనానికేం తెలుసు? పెద్దమనిషి తూచి తూచి మాట్లాడుతున్నాడనుకున్నారు. చెవులు సరిగ్గా వినపడని ముసలివాళ్లకయితే ప్రాణం లేచి వచ్చింది. పెద్ద చానళ్లలో పిల్లలు గుక్క తిప్పుకోకుండా చదివే వార్తలు వాళ్లకి ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. చంద్రరావుగారి వార్త ఒక మాట విని, తమలపాకుకి సున్నం రాసుకుని, రెండో మాటకి సిద్ధంగా ఉండేవారు. వేగాయమ్మపేట నుంచి, హసన్‌బాద నుంచి, ఎక్కడెక్కడినుంచో చంద్రరావుగారి వార్తలు బాగున్నాయని కబుర్లొచ్చేవి.

ఒకరోజు బస్టాండులో కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే ఎవరో తెలియనాయన దగ్గరికి వచ్చి, "టీవీలో చంద్రరావుగారు మీరేనాండీ?" అన్నాడు. ఆయన తల ఊపారు. ఆ తెలియనాయన తన పెళ్లాన్ని కూడా పిలిచి చూపించాడు. ఆ రోజంతా చంద్రరావుగారు ఎంత సంతోషంగా ఉన్నారంటే, కాయలు ఎంచుకోవడానికి వచ్చినవాళ్లు బేరమాడితే ఎదురు చెప్పడం కూడా మర్చిపోయారు. మర్నాటినుంచి బజార్లో కూడా కళ్లజోడు జేబులోనే ఉండేది. గుర్తుపట్టేవాళ్లకి వీలుగా ఉండాలి కదా. ఆ వారంలో ఆయన ఒక స్తంభానికి దారి ఇచ్చారు, ఒక గేదెకి నమస్కారం పెట్టారు, వీరవేణి ఎదురొస్తే "ఏమ్మా, బాగున్నారా?" అని పలకరించి ముందుకెళ్లిపోయారు.

లావు అక్షరాల వల్ల ఒక ముప్పు ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. మైకులో చప్పుడు వస్తుందని ఆ గదిలో ఫ్యాను కట్టేసేవారు. ఉక్కకి తాళలేక, కుర్చీ వెనక పక్కగా ఉన్న కిటికీ తెరిచి ఉంచేవారు. ఆ కిటికీకి ఎదురుగా, సన్నటి వీధికి అవతల, బుల్లియ్య హోటలు మేడ వరండా. సాయంత్రం టీ తాగడానికి కూర్చున్నవాళ్లకి చంద్రరావుగారి వీపూ, ఆయన భుజం మీంచి తెరా, తెర మీద తాటికాయలంత పసుపు అక్షరాలూ ఇంట్లో కేలెండరంత స్పష్టంగా కనపడేవి. ఆయన నోరు తెరిచేలోపలే వాళ్లు చదివేసుకునేవారు. బుల్లియ్య హోటల్లో టీవీ తీసి లోపల పెట్టేశాడు. "మనకి ముందే తెలుస్తదండి," అనేవాడు. పాపం ఎవరూ ఆ మాట పైకి చెప్పలేదు. చెబితే కిటికీ మూసేస్తారని భయం.

జూన్ మొదటి వారంలో మొదటి వాన పడింది. ఆ సాయంత్రం హోటలు వరండా కిటకిటలాడిపోతోంది. కాలవలకి నీళ్లు ఎప్పుడు వదులుతారో ఆ రోజు వార్తల్లో చెబుతారని ఊరూరినుంచి రైతులు వచ్చి కూర్చున్నారు. నారు పోయాలంటే ఆ తేదీ తెలియాలి. ఇళ్లల్లో ఉన్నవాళ్లు కూడా ఆ ఒక్క మాట కోసమే టీవీల ముందు కూర్చున్నారు.

చంద్రరావుగారు మంచి ఊపులో ఉన్నారు. "డెల్టా రైతులు ఎంతగానో" అన్నారు, ఆగారు. "ఎదురుచూస్తున్న కాలవ నీళ్లు" అన్నారు, ఆగారు. అప్పుడు వచ్చాయి ఉసిళ్లు. వాన వెలిసిన నేలలోంచి లేచిన రెక్కల పురుగులు, కిటికీలోంచి జోరున వచ్చిపడ్డాయి. గదిలో బల్బులుండగా వాటికి నల్ల తెరలో వెలిగే పసుపు అక్షరాలే నచ్చాయి. అక్షరమక్షరానికీ పదేసి పురుగులు కూర్చుని రెక్కలు రాల్చుకోవడం మొదలుపెట్టాయి. చంద్రరావుగారి కళ్లకి తెర మీద అక్షరాలన్నీ లేచి నడుస్తున్నట్టు కనపడింది. నాగశ్రీ అట్టముక్క పెట్టి విసిరింది. పురుగులు ఒకసారి లేచి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నాయి.

"ఈ నెల..." అన్నారు చంద్రరావుగారు. తర్వాత మాట కనపడలేదు. "ఈ నెల..." అన్నారు మళ్లీ. జేబులో కళ్లజోడు ఉంది. తీసి పెట్టుకుంటే ఆ పురుగుల సందుల్లోంచి అక్షరం దొరికేదేమో. చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది.

ఆయన అవస్థ చూసి, ఆ తేదీ అంకె వాళ్లక్కూడా సరిగ్గా ఆనక, వరండా మీదివాళ్లు కుర్చీల్లోంచి లేచారు. పురుగులు ఒక్కసారి చెదరగానే ఓ రైతు కంటికి దొరికింది. "పదిహేనండి!" అని అరిచాడు. ఆ వెంటనే వరండా అంతా ఒక్క గొంతుతో "పదిహేనో తారీకండి చంద్రరావుగారూ!" అంది.

వేషగాడు తడబడినప్పుడు మాట అందుకోవడం ఎలాగో పాతికేళ్లు పక్కనుంచి చూసిన మనిషి ఆయన. తల తిప్పలేదు, కన్ను చెదరలేదు. "ఈ నెల పదిహేనో తారీకున" అన్నారు, తనకే ముందు తెలిసినట్టు. తర్వాత మాట కూడా వరండాయే అందించింది. ఆ తర్వాతదీ అదే. వీధి అవతలినుంచి పాతికమంది అరుస్తుంటే, ఆయన ఒక్కో మాటా అందుకుని, గంభీరంగా, రాగయుక్తంగా కెమెరాకి అప్పజెప్పారు. ఆ వార్త అయ్యేదాకా నాగశ్రీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆయన బాగానే దాటించారు. మైకు మాత్రం దాచిపెట్టలేదు. వరండా అందించిన ప్రతి మాటా ఊరూరా టీవీల్లో వినపడింది. తెల్లారేసరికి రామచంద్రపురంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోయింది, చంద్రరావుగారికి కళ్లు ఆనవని, తాటికాయంత అక్షరం కూడా ఎదుటివాళ్లు చదివి పెట్టాలని. ఎవరికీ తెలియకూడదని పెట్టించుకున్న లావు అక్షరాలే వీధివీధికీ చెప్పేశాయి. కొట్టుకి వచ్చినవాళ్లు కాయ చేతికిచ్చి, "ఇది కొబ్బరికాయండి," అని అందించడం మొదలుపెట్టారు.

ఆయన కొట్టు మూసి ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుండిపోయారు. సిగ్గుతో మొహం ఎత్తలేకపోయారు. "ఇంక నేను వెళ్లనే. ఆ బావమరిదినే చదువుకోమను," అన్నారు.

వీరవేణి చాటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తలేదు. "మీరు కళ్లజోడు పెట్టుకుని పెళ్లిచూపులకి వచ్చారు. ఆ మొహమే నాకు తెలుసు. టీవీలో అది తీసేసి కూర్చుంటే ఎవరో పరాయి మగాణ్ణి చూస్తన్నట్టు సిగ్గేసి, ఒక్కరోజు కూడా సరిగ్గా చూడలేదు. ఇవాళ పెట్టుకుని వెళ్లండి, చూస్తాను."

"కళ్లజోడు పెట్టుకుంటే నన్నెవడు చూస్తాడే?"

"నేను చూస్తానన్నాను కదండీ," అంది ఆవిడ, కాస్త కోపంగానే.

ఆ కోపం ఆయన్ని లేపింది. సాయంత్రం కళ్లజోడు పెట్టుకునే మేడెక్కారు. అచ్చిబాబు ఏమైనా అంటాడేమోనని గుమ్మంలో ఆగారు. "ఇది పెట్టుకుంటే తీరిపోయేదానికి, నా కంప్యూటర్ని బొగ్గుల బస్తా చేశారు కదండీ బాబాయ్‌గారూ," అని మాత్రం అన్నాడు. నాగశ్రీ అక్షరాలు సగానికి సగం తగ్గించింది. ఆయన ఇంకా తగ్గించమన్నారు. తెల్ల తెర మీద నల్ల అక్షరాలు వరసలు వరసలుగా నిలబడ్డాయి. ఎన్నాళ్లకో ఒక వాక్యం మొదలూ చివరా ఒకేసారి కనపడేసరికి చంద్రరావుగారికి భోజనం చేసినంత తృప్తిగా అనిపించింది. ఆ రోజు ఆయన చదివినట్టు ఎప్పుడూ చదవలేదు. ఆగాల్సిన చోటే ఆగారు. కెమెరా కళ్లలోకి చూసి, నిజంగానే చూసి, "నమస్కారం" చెప్పి ముగించారు.

అచ్చిబాబు లైట్లు ఆర్పుతున్నాడు. ఫోను మోగింది. దగ్గర్లో ఉన్నది తనే కాబట్టి చంద్రరావుగారే ఎత్తారు.

"వార్తలాఫీసాండీ?" అంది ఒక ముసలి గొంతు. "నేను వేగాయమ్మపేట నుంచి పెద్దింట్లమ్మనండి."

"ఆయ్, చెప్పండమ్మా."

"రోజూ వార్తలు చదివే ఆయన ఇవాళ రాలేదేంటండి?"

చంద్రరావుగారికి అర్థం కాలేదు. "వచ్చారు కదమ్మా," అన్నారు.

"ఈయన కాదండి. ఈయనెవరో కళ్లజోడాయన. గొంతు దగ్గరదగ్గరగానే ఉందిలెండి, ఆయనకి అన్నగారో ఏమో. మా చంద్రరావుగారి సంగతి అడుగుతున్నాను."

పాతికేళ్లు తెర పక్కన నిలబడితే, ఫలానా రోజు ఆ చంద్రరావు రాలేదేమని అడిగిన ప్రాణి లేదు. ఇప్పుడు ఎప్పుడూ చూడని ఒక ముసలావిడ, మా చంద్రరావుగారు అని, ఫోను చేసి మరీ అడుగుతోంది. ఏడుపు వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఫోను చెవి కింద ఇరికించుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉన్నారాండీ? ఆయనకి ఒంట్లో బాగానే ఉందా? నిన్న పాపం ఆ పురుగులతో చాలా అవస్థ పడ్డారు."

"బాగానే ఉన్నారమ్మా."

"రేపు వస్తారా మరి?"

"వస్తారమ్మా. కాకపోతే ఆయనకి చూపు ఆనదు. రేపటినుంచి కళ్లజోడు పెట్టుకుని వస్తారు. మీరే కాస్త గుర్తుపట్టాలి."

"అయ్యో, పెట్టుకోమనండి నాయనా, కళ్లకన్నా ఏమెక్కువ? ఆయన్ని మేం గుర్తుపట్టలేమాండీ, రోజూ చూసే మొహం," అంది పెద్దింట్లమ్మ. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఈయన్ని మాత్రం మళ్లీ కూర్చోబెట్టకండి. ఏమనుకోకండేం," అంది.

"అలాగేనమ్మా," అన్నారు చంద్రరావుగారు. "రేపటినుంచి ఆయనే వస్తారు."